రమాబాయి తెరిచి ఉంచిన తలుపు

మా చర్చిలో ప్రతి గురువారం మధ్యాహ్నం స్త్రీల కూడిక జరుగుతుంది. వంటింటి పని ముగించుకుని, పిల్లలు బడి నుంచి వచ్చేలోగా ఓ గంటన్నర కూర్చుంటాం. పాటలు, వాక్యం, ప్రార్థన, చివర్లో ఒకరి కష్టం ఒకరికి చెప్పుకోవడం... ఇదీ వరస. ఓ గురువారం, కొత్తగా బాప్తిస్మం తీసుకున్న ఓ అమ్మాయి భయం భయంగా నోరు విప్పింది. బొట్టు తీసెయ్యాలా, పూలు మానెయ్యాలా, అమ్మ పెట్టిన పేరు మార్చుకోవాలా అని అడిగింది.

అంతే! ఆ గంటన్నరా చాల్లేదు. తియ్యాల్సిందేనని కొందరు, అక్కర్లేదని కొందరు. ఎవరికి తోచింది వాళ్లు చెప్పేశాం. నేనూ ఏం తక్కువ తినలేదు. ఇంతమందిలో ఒక్కరమైనా ఆ పిల్ల ముఖం వంక చూసిన పాపాన పోలేదు. బాప్తిస్మం తీసుకున్నందుకు పుట్టింటివాళ్లు ఆమెతో మాట్లాడటం మానేశారని తర్వాత తెలిసింది. మరుసటి గురువారం ఆమె రాలేదు. ఆ పైవారమూ రాలేదు.

మరో వారానికి ఒక భక్తురాలి జీవితం చెప్పే పని పాస్టరమ్మగారు నాకు అప్పగించారు. కథలు రాసుకునేదాన్ని కనుక చెప్పడం తేలికని ఆవిడ నమ్మకం. పండిత రమాబాయి గురించి చెప్తానన్నాను. కాలేజీలో చదువుకునే రోజుల్లో ఆవిడ గురించి నాలుగు మాటలు చదివాను. సంఘ సంస్కర్త, సంస్కృత పండితురాలు అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా. కానీ ఇప్పుడు ఆవిడ జీవితం చదువుతూ ఉంటే, మా కూడికలో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నే నూరేళ్ల కిందట ఈవిడనీ వెంటాడిందని తెలిసింది.

అడవిలో చదువు

రమాబాయి 1858 ఏప్రిల్ 23న, ఇప్పటి కర్ణాటకలోని పశ్చిమ కనుమల్లో, గంగామూల అనే అడవి ప్రాంతంలో పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. ఆడదానికి సంస్కృతమేమిటని ఊరంతా తప్పుపట్టినా వినకుండా భార్య లక్ష్మీబాయికి చదువు చెప్పాడు. ఆ తల్లి తెల్లవారుజామునే లేచి, ఇంటి పని మొదలుపెట్టకముందే కూతురికి శ్లోకాలు వల్లె వేయించేది. పెద్దమ్మాయికి చిన్నతనంలో చేసిన పెళ్లి కలిసిరాలేదు. దాంతో రమాబాయికి బాల్యవివాహం చేయకూడదని ఆ తల్లిదండ్రులు గట్టిగా అనుకున్నారు. ఆ కాలంలో అదెంత సాహసమో మనం ఊహించుకోవచ్చు.

తర్వాత ఆస్తులు కరిగిపోయాయి. కుటుంబమంతా పురాణం చెప్పుకుంటూ, పుణ్యక్షేత్రాలు తిరుగుతూ ఏళ్ల తరబడి నడిచారు. 1870ల కరువు రోజుల్లో మన తిరుపతి కొండల ప్రాంతానికీ వచ్చారు. చేతిలో ఉన్న డబ్బంతా అయిపోయింది. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. అడవిలోకి వెళ్లి ఆకులూ నీళ్లతో రోజులు గడిపారు. కొద్దికాలం తేడాలో తండ్రి, తల్లి, అక్క, ముగ్గురూ పోయారు. మిగిలింది రమాబాయి, అన్న శ్రీనివాస్. కాలినడకన దేశమంతా తిరిగి 1878లో కలకత్తా చేరేసరికి ఆమెకి ఇరవై ఏళ్లు. అక్కడి పండితులు ఆమె సంస్కృతం విని ఆశ్చర్యపోయి పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు.

ఆ సంతోషమూ నిలవలేదు. 1880లో అన్న పోయాడు. అదే ఏడాది బిపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ వకీలుని చేసుకుంది. కులం వేరు, భాష వేరు. రిజిస్టరు పెళ్లి. 1881లో పాప పుట్టింది. మనోరమ అని పేరు పెట్టుకున్నారు. 1882 ఫిబ్రవరిలో కలరా వచ్చి భర్త కూడా పోయాడు. ఇరవై నాలుగేళ్లు నిండకుండానే విధవరాలు, చంకలో పసిపాప, వెనక చూస్తే ఎవరూ లేరు!

మన రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. అంటే కాలం ఎలాంటిదో అర్థమవుతుంది కదా. అలాంటి కాలంలో రమాబాయి పూనా వెళ్లి ఆర్య మహిళా సమాజం స్థాపించింది. ఆడవాళ్లకి ఆడ టీచర్లు, ఆడ డాక్టర్లు కావాలని 1882లో హంటర్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పింది.

మతం మారింది, మనసు అమ్ముకోలేదు

డాక్టరీ చదవాలని 1883లో బిడ్డనెత్తుకుని ఇంగ్లండు వెళ్లింది. చెవుడు పెరుగుతూ ఉండటంతో ఆ కోరిక తీరలేదు. వాంటేజ్ అనే ఊళ్లో ఆంగ్లికన్ సిస్టర్ల మఠంలో దిగింది. అంతకుముందే అస్సాంలో ఉన్న రోజుల్లో లూకా సువార్త పుస్తకం ఒకటి దొరికితే ఆసక్తిగా చదివింది. ఇక్కడ లండన్‌లో, చెడిపోయారని లోకం వెలివేసిన ఆడవాళ్లని ఆ సిస్టర్లు చేరదీసి, సేవ చేసి, మళ్లీ మనుషులుగా నిలబెట్టడం కళ్లారా చూసింది. ఇంత దయ వీళ్లకి ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే, యేసు బావి దగ్గర సమరయ స్త్రీతో మాట్లాడిన కథ చదివి వినిపించారు. ఆ కథ ఆమె మనసుని కదిలించింది. 1883 సెప్టెంబరు 29న కూతురితో సహా బాప్తిస్మం తీసుకుంది.

బాప్తిస్మం దాకా వచ్చిన కథని మనం ఇక్కడితో ఆపేసి ఆమెన్ అనేస్తాం. రమాబాయికి అసలు కష్టం ఇక్కడే మొదలైంది. తనతో వచ్చిన స్నేహితురాలు అంతకుముందే ఆ పరాయి గడ్డమీద ఆత్మహత్య చేసుకుంది. స్వదేశంలో అయినవాళ్లు అనుకున్నవాళ్లంతా కన్నెర్ర చేశారు. ఇటు చూస్తే, ఆదరించిన సిస్టర్లతోనే తగాదా. చెప్పింది ప్రశ్నించకుండా నమ్మాలని వాళ్లు, అర్థం కానిదే ఒప్పుకోనని ఈవిడ. మాంసం ముట్టలేదు. చీర మానలేదు. శిలువ మీద లాటిన్ అక్షరాలెందుకు, మా సంస్కృతం ఏం పాపం చేసిందన్న ధోరణిలో వాదించింది. మగ విద్యార్థులకి పాఠం చెప్పకూడదని బిషప్పులు అభ్యంతరం చెప్తే అదీ తలవంచి ఒప్పుకోలేదు. కోపంతో కాదు, వాళ్లని అమ్మలుగా, అక్కలుగా గౌరవిస్తూనే, ఉత్తరం మీద ఉత్తరం రాసుకుంటూ వాదించింది. అంత వాదించినా బంధం తెంచుకోలేదు. పాప మనోరమ కొన్నేళ్లు ఆ సిస్టర్ల ఒడిలోనే పెరిగింది.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. బాప్తిస్మం తీసుకున్న చాలా ఏళ్లకి, 1891 ప్రాంతంలో, తనకి క్రైస్తవ మతం దొరికింది గానీ క్రీస్తు ఇంకా దొరకలేదని ఆవిడ గ్రహించింది. అప్పటిదాకా ఉన్నది తెలివితో ఒప్పుకున్న విశ్వాసం. గుండెలో వేరూనింది తర్వాతే. అంత పండితురాలికే ఎనిమిదేళ్లు పట్టింది! నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకి అన్నీ ఒక్క గురువారంలో తేలిపోవాలని మేం ఎలా అనుకున్నామో.

శారదా సదనం

1886లో అమెరికా వెళ్లింది. అక్కడ ఆనందీబాయి జోషీ డాక్టరు పట్టా అందుకోవడం చూసింది. హిందూ స్త్రీల స్థితిగతుల గురించి 1887లో ఇంగ్లీషులో పుస్తకం రాసి, ఊరూరా ఉపన్యాసాలిచ్చి, వితంతువుల బడి కోసం డబ్బు కూడగట్టింది. 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదనం తెరిచింది. మరుసటి ఏడాది అది పూనాకి మారింది. బాల వితంతువులకి తిండి, బట్ట, చదువు. అగ్రకులాల పిల్లలు తమ ఆచారం ప్రకారమే వండుకుని తినడానికి వీలు కల్పించింది. మతం మార్చనని మాటిచ్చింది. మొదటి విద్యార్థినుల్లో ఒకరైన గోదూబాయిని 1893లో కార్వేగారు పెళ్లాడారు. ఆయనే ఆ తర్వాత మహిళా విశ్వవిద్యాలయం స్థాపించిన మహర్షి కార్వే.

రమాబాయి తన గదిలో ప్రార్థన చేసుకునేటప్పుడు తలుపు మూసేది కాదు. పిల్లల్ని రమ్మని పిలవలేదు, వచ్చి కూర్చుంటే పొమ్మనలేదు. ఆ తెరిచిన తలుపు దగ్గరే పెద్ద గొడవైంది. పిల్లలు క్రైస్తవం వైపు మొగ్గుతున్నారని 1893లో పూనా అట్టుడికిపోయింది. తిలక్‌గారి కేసరి పత్రిక దుమ్మెత్తిపోసింది. సలహా సంఘంలో ఉన్న రానడే, భండార్కర్ వంటి పెద్దలు తప్పుకున్నారు. చాలామంది తమ పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. నమ్మి ఆడపిల్లని అప్పగించిన తల్లిదండ్రుల బాధలోనూ న్యాయం లేకపోలేదు. ఒకతల్లిగా నాకది అర్థమవుతుంది. కానీ దేవుణ్ని ప్రార్థించుకోవడానికి తన గది తలుపు మూసుకోమంటే రమాబాయి వల్ల కాలేదు. దాచుకుని బతకడం ఆవిడకి చేతకాని పని. దాని ఖరీదు ఒంటరితనం. అది ఆవిడ చెల్లించింది.

కరువు తెచ్చిన కుటుంబం

1896-97లో మధ్య పరగణాల్లో భయంకరమైన కరువు వచ్చింది. ఆ వార్త చదవగానే ఆవిడకి తిరుపతి అడవులు గుర్తురాకుండా ఉంటాయా! తానే బయల్దేరింది. ఎముకల గూళ్లలా ఉన్న ఆడపిల్లల్ని, వితంతువుల్ని వందల సంఖ్యలో వెంటబెట్టుకొచ్చింది. పూనాకి అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, కేడ్‌గావ్ దగ్గర పండ్ల తోటల కోసం ముందే కొన్న పొలం ఉంది. అక్కడే డేరాలు, పాకలు వేసి వాళ్లని ఉంచింది. అదే ముక్తి సదనం. 1900లో గుజరాత్ కరువు బాధితులూ వచ్చి చేరాక ముక్తిలో ఉన్నవాళ్ల సంఖ్య రెండు వేలకి దగ్గరైంది.

ఒక్క మనిషి రెండు వేలమందిని సాకగలదా? సాకలేదు. ఇక్కడే నాకు ఆవిడ గొప్పతనం కనిపిస్తుంది. శారదా సదనంలో చదువుకున్న అమ్మాయిలే ముక్తికి టీచర్లయ్యారు. పురుగుల తలలతో, పుళ్ల ఒంటితో వచ్చిన పసివాళ్లకి నీళ్లుపోసి, తల దువ్వి, అక్షరాలు నేర్పింది నిన్నటిదాకా ఏడ్చిన ఆ వితంతువులే. బావులు తవ్వించారు, కూరగాయలు పండించారు, పాడి పెట్టారు, నూనె గానుగ ఆడించారు, మగ్గాలు నేశారు, ప్రెస్సు నడిపారు. లోకం తప్పుపట్టిన స్త్రీల కోసం కృపా సదనం, ముసలివాళ్లకి ప్రీతి సదనం ఏర్పడ్డాయి. మనోరమ బ్రెయిలీ లిపి నేర్చుకొచ్చి గుడ్డి పిల్లలకి చదువు చెప్పింది. ఒకప్పుడు శారదా సదనంలో కులం ప్రకారం వంట. ముక్తిలో అందరిదీ ఒకే పంక్తి. ఆ చర్చిని కూడా ఫలానా మిషనుదని గిరి గీయలేదు.

1905లో రోజూ కలిసి ప్రార్థించడానికి ఇష్టమున్నవాళ్లు రమ్మంటే మొదట డెబ్బై మంది వచ్చారు. కొన్ని నెలల్లోనే ఐదు వందలు దాటారు. ఆ ఏడాది ముక్తిలో వచ్చిన ఉజ్జీవం గురించి దేశదేశాల క్రైస్తవులు ఈనాటికీ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఉజ్జీవం కంటే ఆ తర్వాతి సంగతి ముఖ్యమనిపిస్తుంది. ప్రార్థనలో కన్నీళ్లు పెట్టుకున్న చేతులే మళ్లీ వెళ్లి పొయ్యి రాజేశాయి, మగ్గం పట్టాయి, జట్లు జట్లుగా ఊళ్లకి వెళ్లి ఆడవాళ్లని పలకరించాయి.

చివరి పదిహేడు పద్దెనిమిదేళ్లు రమాబాయి బైబిలుని మరాఠీలోకి అనువదించింది. దానికోసం హీబ్రూ, గ్రీకు నేర్చుకుంది. సంస్కృతం సరస్వతిలా పొంగే మనిషి, పండితుల భాష వదిలి పల్లెటూరి ఆడదానికి తెలిసే మాటల్లో రాసింది. అక్షరాలు పేర్చింది, అచ్చువేసింది ముక్తి అమ్మాయిలే. ఆ పని చివరికి వస్తుండగా 1921 జులైలో మనోరమ పోయింది. తన తర్వాత అన్నీ చూసుకుంటుందనుకున్న కూతురు! మన నిజాం రాజ్యంలో ఉన్న గుల్బర్గాలో బడి పెట్టించిన కూతురు! తల్లి గుండె ఏమైపోయిందో... అయినా ప్రూఫులు దిద్దడం ఆపలేదు. 1922 ఏప్రిల్ 5న రమాబాయి కన్నుమూసింది. బైబిలు పూర్తి ప్రతి 1924లో వెలువడింది. 1989లో మన ప్రభుత్వం ఆవిడ బొమ్మతో తపాలా బిళ్ల తెచ్చింది. ముక్తి ఆశ్రమం ఈ నాటికీ పని చేస్తూనే ఉంది.

మా గురువారం

ఇదంతా కూడికలో చెప్పాను. బొట్టు ఉండాలా వద్దా అన్నదానికి రమాబాయి జీవితంలో నాకు జవాబు దొరకలేదని కూడా చెప్పాను. దొరికింది వేరొకటి. ఎవరో లాగితే ఏదీ వదలలేదు, ఎవరో నెడితే ఏదీ పట్టుకోలేదు. దేవుడి ముందు తానే తేల్చుకుంది, దానికి ఏళ్లు తీసుకుంది. ఆ వ్యవధి తనకి ఎంత అవసరమైందో ఎరిగిన మనిషి కాబట్టే, తన దగ్గరికొచ్చినవాళ్లని ముందు కూర్చోబెట్టి అన్నం పెట్టింది.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. అందరికంటే గట్టిగా బొట్టు తియ్యాలన్న పెద్దావిడే లేచి, ఆ అమ్మాయి ఇల్లు ఎవరికైనా తెలుసా అని అడిగారు. ఆ సాయంత్రం నలుగురం వెళ్లాం. పెద్దావిడ ఇంట్లో చేసిన సున్నుండలు ఓ డబ్బాలో తెచ్చారు. ఆ పిల్ల తలుపు తీసి మమ్మల్ని చూసి బిక్కచచ్చిపోయింది, మళ్లీ సలహాలు చెప్పడానికి వచ్చామనుకుంది కాబోలు! మేం ప్రార్థన ఊసు కూడా ఎత్తలేదు. వాళ్లమ్మ ఎలా ఉందని అడిగాం. అంతే, గంటసేపు వాళ్లమ్మ గురించే చెప్పింది.

పై గురువారం ఆమె కూడికకి వచ్చింది. నుదుటన చిన్న బొట్టు ఉంది. ఎవరం దాని వంక చూడలేదు. పాటల పుస్తకం ఒకటే మిగిలితే పెద్దావిడ పక్కకి జరిగి, ఇద్దరికీ అందేలా మధ్యలో పట్టుకున్నారు.