కలియుగ భీముడి కాలు

ఈ నెల గోడపత్రికకి ఆటగాళ్ల గుండెదిటవు మీద ఏదైనా రాయమని మేడం అడిగితే, బాక్సర్ల గురించి రాస్తానని వెంటనే పేరిచ్చేశాను. కారణం మా ఇల్లే. మాకు నాయన వైపు తెలుగు, అమ్మ వైపు తమిళం. పాత మద్రాసు బాక్సింగ్ మీద వచ్చిన సార్పట్టా పరంబరై సినిమా ఇంటిల్లిపాదీ నాలుగుసార్లు చూశాం. అప్పటి నుంచి మా తమ్ముడు ఎక్కడెక్కడి బాక్సర్ల కథలో తెచ్చి మా ప్రాణం తీస్తున్నాడు. వాడు చెప్పినవాళ్లలో నాకు నచ్చినవాడు జో లూయిస్.

జో లూయిస్ 1914లో అమెరికాలోని అలబామాలో, కౌలుకి పత్తి పండించే నల్లవాళ్ల ఇంట్లో పుట్టాడు. 1936లో జర్మనీ బాక్సర్ మాక్స్ ష్మెలింగ్ చేతిలో పన్నెండో రౌండులో పడిపోయాడు. రెండేళ్ల తర్వాత అదే ష్మెలింగ్‌ని 124 సెకన్లలో పడగొట్టాడు. 1937 నుంచి 1949 దాకా ప్రపంచ ఛాంపియన్. 25 సార్లు ఆ బిరుదు నిలబెట్టుకున్నాడు. రింగులో అతని మొహం చూసి దెబ్బ తగిలిందో లేదో చెప్పలేకపోయేవాళ్లట. గెలిచినా నవ్వకూడదని, పడిపోయినవాడి మీద సంబరపడకూడదని అతని మేనేజర్లు ముందే కట్టడి చేశారు. నల్లవాడు గెలిచి నవ్వితే తెల్లవాళ్లు ఓర్చుకోని కాలం అది. అంత రాయిలాంటి మనిషి 1970లో, ఎవరో తనని చంపడానికి తిరుగుతున్నారన్న భయంతో మనసు చెదిరి, ఐదు నెలల దాకా మానసిక ఆసుపత్రిలో ఉన్నాడు.

అది చదివాక నా కలం ఆగిపోయింది. మొహం కదలకుండా ఉంటే మనసు కుదురుగా ఉన్నట్టేనా? ఆ ఆలోచనలో ఉండగానే మా తాత చెప్పే మనిషి గుర్తొచ్చారు. అందుకే అడిగింది బాక్సర్ అయినా నేను రాస్తున్నది మల్లయోధుడి గురించి. మేడం ఏమీ అనుకోరనే ధైర్యం.

మాది బోడినాయకనూరు. తాత ఏలక్కాయల మండీలో నలభై ఏళ్లు లెక్కలు రాశారు. మా చిన్నప్పుడు రాత్రి అన్నాలయ్యాక ఆయన చెప్పే కథల్లో భీముడు ఒకడు, కోడి రామ్మూర్తి నాయుడు ఒకడు. ఇద్దర్నీ ఒకే గొంతుతో చెప్పేవారు కాబట్టి, చాలా ఏళ్లు నేను రామ్మూర్తి కూడా భారతంలోవాడే అనుకున్నాను. పైగా ఆయన మనోడే అని తాత గట్టి నమ్మకం. పేరులో నాయుడు ఉంది, పెరిగింది విజయనగరం. మన పెద్దలు వచ్చిందీ విజయనగరం నుంచే కదా అనేవారు. ఈ డిగ్రీలో చేరాక మ్యాపు తీసి చూపించాను. మన పెద్దలు చెప్పుకునే విజయనగరం హంపి దగ్గరిది, రాయలది. రామ్మూర్తి పెరిగిన విజయనగరం ఉత్తరాంధ్రలో, ఒడిశాకి దగ్గర్లో ఉంది. తాత మ్యాపు వైపు కాసేపు చూసి, ఏదైనా తెలుగు ఊరే కదా అని కళ్లజోడు తీసేశారు.

రామ్మూర్తి 1882లో వీరఘట్టంలో పుట్టారు. పసితనంలోనే తల్లి పోయింది. వేకువన ఊరి పక్క రాజచెరువు దగ్గరికి పరుగెత్తి వెళ్లి కసరత్తు చేసే అలవాటు అప్పటి నుంచే ఉందంటారు. చదువు మీద ధ్యాస తక్కువ, అల్లరి ఎక్కువ. తండ్రి వెంకన్న ఆయన్ని విజయనగరంలో పోలీసు ఉద్యోగంలో ఉన్న తమ్ముడు నారాయణస్వామి దగ్గరికి పంపించారు. పినతండ్రి ఆ అల్లరిని అణచకుండా తాలింఖానాకి మళ్లించారు. కుస్తీ అక్కడే వచ్చింది. తర్వాత మద్రాసు వచ్చి సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగి వెళ్లి తాను చదివిన బడిలోనే వ్యాయామం మాస్టారయ్యారు. అంటే ఆయన మొదటి ఉద్యోగం మన పీటీ మేడంగారి ఉద్యోగమే.

మద్రాసులోనే ఒక గురువు దగ్గర వాయుస్తంభన, జలస్తంభన నేర్చుకున్నారని ఆయన జీవితం రాసినవాళ్లు చెప్తారు. గాలిని లోపల బిగబట్టి నిలపడం మొదటిది, నీళ్లలో ఊపిరి నిలపడం రెండోది. నాకు ఆయన జీవితం మొత్తంలో ముఖ్యమైన చోటు ఇదే అనిపిస్తుంది. తాత మాత్రం దీన్ని ఒక్క మాటలో దాటేసి ఏనుగు దగ్గరికి వెళ్లిపోయేవారు.

ఏనుగు సంగతి మీకూ తెలిసే ఉంటుంది. బడి ఉద్యోగం వదిలి, స్నేహితుడు పొట్టి పంతులు తోడుగా విజయనగరంలో సర్కస్ కంపెనీ పెట్టాక, రామ్మూర్తి చేసిన విన్యాసాల్లో జనం విరగబడి చూసింది అదే. ఆయన వెల్లకిలా పడుకుంటే ఛాతీ మీద చెక్క పరిచేవారు. ఏనుగు వచ్చి దాని మీద నిలబడేది. ఐదు నిమిషాల దాకా మోసేవారని చెప్తారు. ఇంకొకటి, ఒంటికి ఉక్కు గొలుసు చుట్టించుకుని, ఊపిరి నిండా పీల్చి దాన్ని తెంచడం. రెండు చేతులకీ రెండు కార్లు కట్టి చెరోవైపు నడపమంటే అవి కదిలేవి కావు.

నేను ఏనుగు గురించే ఎక్కువ ఆలోచించాను. చెక్క ఉంది కాబట్టి బరువు ఒక్కచోట దిగదు, ఒప్పుకుందాం. కానీ కింద ఉన్న ఎముకల గూడుని నిలబెట్టేది లోపల బిగించిన గాలే. అది ఒక్కసారి జారితే పక్కటెముకలు పోతాయి. భయం వేసినా కోపం వచ్చినా మనకి ముందు చెదిరేది ఊపిరే. మొన్న వైవాలో నాకు జరిగింది మీరంతా చూశారు. అలాంటప్పుడు కాలు ఎత్తుతున్న ఏనుగుని కింద నుంచి చూస్తూ ఊపిరి చెదరకుండా ఉంచుకోవడం ఏమిటి? కండలు చూసి జనం చప్పట్లు కొట్టారు గానీ, అక్కడ పని చేసింది రాజచెరువు గట్టు మీద మొదలైన ఏళ్ల తరబడి సాధన. పైగా ఆయన శాకాహారి. ఈ సంగతి మా హాస్టల్ మెస్ గురించి గొణిగేవాళ్లకి ప్రత్యేకంగా చెప్తున్నాను.

బిరుదుల దగ్గర ఎక్కువసేపు ఆగను. పూనాలో బాలగంగాధర తిలక్ ఆయన్ని మెచ్చి మల్లమార్తాండ అన్నారు. లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఆయన ప్రదర్శన చూసి ఇండియన్ హెర్క్యులస్ అన్నారని చెప్తారు. మనవాళ్లు కలియుగ భీముడు అన్నారు. లక్షలు సంపాదించారు, దానధర్మాలకి లక్షలు ఇచ్చేశారు.

ఆ తర్వాత కాలి మీద పుండు లేచింది. రాచపుండు అంటారు. కాలు తీసేయక తప్పలేదు. ఆ రోజు ఆయన క్లోరోఫాం వద్దన్నారని, ప్రాణాయామంలో ఊపిరి నిలిపి నిబ్బరంగా ఉండిపోయారని, డాక్టర్లు తమ పని తాము చేసుకున్నారని చెప్తారు. తాత కథ ఎప్పుడూ ఇక్కడే ఆగేది. ఇక్కడ ఆయన గొంతు తగ్గించేవారు, మేం ఊపిరి బిగబట్టేవాళ్లం.

నేను ప్లస్ టూలో ఉండగా తాతకి బొటనవేలి దగ్గర పుండు లేచింది. షుగరు. మధురైకి తీసుకెళ్లాం. మోకాలి కింద దాకా తీసేయాలన్నారు. ముందు రోజు రాత్రి తాత మాకు మళ్లీ రామ్మూర్తి కథ చెప్పారు, ఈసారి ఆసుపత్రి మంచం మీద నుంచి. పొద్దున మత్తు డాక్టరుగారితో, మత్తు లేకుండా వీలవుతుందా అని నిజంగానే అడిగారు. ఆవిడ నవ్వలేదు. పెద్దాయన చెయ్యి పట్టుకుని, వీలవదు తాతా అని చెప్పి వెన్నులో సూది వేశారు.

మూడో రోజు తాత ఏడ్చారు. నేను ఆయన ఏడవడం అదే మొదటిసారి చూడటం. నొప్పికి కాదు. ఏడ్చినందుకు సిగ్గుపడి ఇంకా ఏడ్చారు. రామ్మూర్తి ఇలా చేశాడా, నేనేం మనిషిని అని అవ్వతో అన్నారు. అప్పుడు నాకు రామ్మూర్తి మీద కోపం వచ్చింది. చాలా నెలలు ఆ పేరు ఎత్తితే లేచి వెళ్లిపోయేదాన్ని.

ఇప్పుడు ఇది రాయడం కోసం ఆయన జీవితం మొదటి నుంచి చివరి దాకా చదివితే, కోపం ఆయన మీద కాదని తెలిసింది. కథని ఆ ఆపరేషన్ బల్ల దగ్గర ఆపేసే మన అలవాటు మీద. కాలు పోయాక కూడా ఆయన బతికారు. ఒడిశాలో బలంగీర్ ఉంది కదా, పట్నా సంస్థానం (బీహార్ పట్నా కాదు, నేనూ మొదట అదే అనుకున్నా). అక్కడి రాజు పోషణలో చివరి రోజులు గడిపి, 1942 జనవరిలో పోయారు. రెండు కార్లని ఆపినవాడు లేచి నిలబడటానికి ఇంకొకరి భుజం పట్టుకోవాలి. లక్షలు పంచినవాడు ఇంకొకరి ఇంటి అన్నం తినాలి. అరగంట ఊపిరి బిగబడితే అయిపోయే సంగతి కాదు ఇది, రోజూ తెల్లారుతుంది. ఆ రోజుల గురించి ఏ జీవితచరిత్ర చూసినా రెండు మూడు లైన్లే. ఏనుగుకి పేజీలు, బలంగీర్‌కి లైన్లు.

ఇంకొకటి కూడా తాతకి చెప్పాను. రామ్మూర్తి చిన్నప్పటి నుంచి ఊపిరి సాధన చేశారు, నువ్వు నలభై ఏళ్లు ఏలక్కాయల లెక్కలు రాశావు. ఏ సాధన లేకుండా ఒక్క పొద్దున ఆయనలా ఉండాలంటే ఎలా తాతా అని. మండీలో తూకం తప్పు వస్తే రాత్రంతా కూర్చుని పట్టుకునేవాడివి కదా, ఆ పనిలో రామ్మూర్తిని కూర్చోబెడితే ఏమయ్యేదో అన్నాను. దానికి నవ్వారు.

ఇప్పుడు కృత్రిమ కాలుతో వీధి చివర టీ కొట్టు దాకా వెళ్లొస్తారు. తమ్ముడు పక్కనే నడుస్తూ జో లూయిస్ కథలు చెప్తాడు. ష్మెలింగ్‌తో రెండో పోటీ తాతకి బాగా నచ్చింది. 1970 సంగతి వాడు చెప్పలేదు, నేను చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. పాపం, ఎవరితోనైనా చెప్పుకుని ఉండాల్సింది అన్నారు.

నిన్న ఈ వ్యాసం ఫోన్లో చదివి వినిపించాను. తన కాలు గురించి అంత రాయడం దేనికి, జనం రామ్మూర్తి కోసం చదువుతారు గానీ నా కోసమా అని విసుక్కున్నారు. ఏడుపు మాట తీసేయనా అని అడిగాను. కాసేపు ఆగి, ఉండనీలే అన్నారు. ఏనుగు దగ్గర మాత్రం ఇంకో పది లైన్లు పెంచమన్నారు. చార్టులో చోటు లేదు తాతా అన్నాను.