వాక్కునే పేరుగా పెట్టుకున్న మౌలానా ఆజాద్

మౌలానా అబుల్ కలాం ఆజాద్ గారు మన దేశపు మొట్టమొదటి విద్యామంత్రి అని ఐదో తరగతి పిల్లవాణ్ణి అడిగినా చెప్పేస్తాడు. 2008 నుంచి ఆయన పుట్టినరోజు నవంబరు 11ను జాతీయ విద్యాదినంగా జరుపుకుంటున్నాం. అయితే ఆ రోజున బడిలో మాట్లాడేదెవరు? ఊరి పెద్దలు, హెడ్మాస్టరు గారు, మావంటి టీచర్లు. పిల్లలు వరుసగా కూర్చుని చప్పట్లు కొడతారు. అబుల్ కలాం అంటే వాక్కుకు తండ్రి అని అర్థం. అటువంటి మనిషి జయంతినాడు పిల్లల నోళ్ళు మూతపడి ఉండడం ఏం బాగుంటుంది?

ఆయన 1888లో పవిత్ర మక్కాలో జన్మించారు. చిన్నతనంలోనే కుటుంబం కలకత్తా వచ్చి స్థిరపడింది. తండ్రి మౌలానా ఖైరుద్దీన్ గారు వేలాది ముురీదులు గల పీరు. ఇంగ్లీషు బడులంటే ఆయనకు గిట్టదు. కొడుకును ఏ బడికీ పంపలేదు, ఇంట్లోనే చదువు. ఆ ఇంట్లో ఈ పిల్లవాడి ఆటలు ఎలా ఉండేవో అక్క తర్వాత చెప్పుకొచ్చారు. తండ్రి తలపాగా చుట్టుకుని ఎత్తయిన చోట నిలబడేవాడట. అక్కలు చుట్టూ చేరి, వేలమంది జనం వచ్చి తక్రీర్ వింటున్నట్టుగా చప్పట్లు కొట్టాలట! పెద్దలు కసురుకుని ఉంటే ఆ ఆట అక్కడితో ఆగిపోయేదే కదా.

పదహారేళ్ళకే దర్సె నిజామీ పూర్తి చేశారు. మామూలుగా దానికి ఇరవై దాటుతాయి. చదివినవాడు చదువు చెప్పి చూపించాలన్నది అప్పటి పద్ధతి. అందుకని తండ్రి గారు ఓ పదిహేనుమంది విద్యార్థుల్ని పోగుచేసి కొడుకుకు అప్పగించారు. తత్వశాస్త్రం, గణితం, మంతిఖ్ అంటే తర్కశాస్త్రం, వాళ్ళకు ఈయన చెప్పాలి. నలుగురు ప్రశ్నలు వేస్తుంటే నిలబడి జవాబు చెప్పే అలవాటు అలా వచ్చింది.

అప్పటికే లిసానుస్ సిద్ఖ్ అనే పత్రిక నడుపుతున్నారు. 1904లో లాహోరులో అంజుమనె హిమాయతె ఇస్లాం జల్సాకు వెళితే, మహాకవి హాలీ గారు ఈ కుర్రవాణ్ణి చూసి పత్రికా సంపాదకుడి కొడుకు కాబోలు అనుకున్నారని చెబుతారు. ఆ సభలోనే ఈయన ఉపన్యసించారు.

ఇంకో సంగతి మనం పిల్లలకు చెప్పం. ఆ వయసులో ఆయన మనసును ఎన్నో సందేహాలు పట్టుకున్నాయి. వారసత్వంగా వచ్చిన అభిప్రాయాలకు కట్టుబడి లేనని తెలపడానికే ఆజాద్ అనే పేరు పెట్టుకున్నారు. ప్రశ్నించుకున్న తర్వాతనే ఆయన దీన్ మీద గట్టిగా నిలబడ్డారు.

1912లో అల్ హిలాల్, తర్వాత అల్ బలాగ్, 1916 నుంచి 1919 చివరిదాకా రాంచీలో నిర్బంధం. అక్కడా మసీదులో ప్రసంగించడం మానలేదు. 1922లో కలకత్తా కోర్టుకిచ్చిన వాఙ్మూలం ఖౌలె ఫైసల్ పేరుతో పుస్తకమైంది. 1923లో కాంగ్రెసు అధ్యక్షులైనప్పుడు ఆయనకు 35 ఏళ్ళయినా నిండలేదు. 1947 అక్టోబరులో ఢిల్లీ ముస్లింలు ఇళ్ళు వాకిళ్ళు వదిలి పోతున్న రోజుల్లో జామా మసీదులో నిలబడి మాట్లాడారు. ఓదార్చారు, నిష్ఠూరంగానూ మాట్లాడారు. వెళ్ళొద్దన్నారు. చేతిలో లాఠీ లేదు, తుపాకీ లేదు. ఉన్నదల్లా మాటే.

మంత్రి అయ్యాక 1952లో సెకండరీ విద్యా కమిషన్ వేయించారు. దాని అధ్యక్షులు లక్ష్మణస్వామి మొదలియారు గారు మన కర్నూలులో పుట్టినవారే. 1953లో వచ్చిన ఆ నివేదిక ఒక మంచి విషయం చెప్పింది. ప్రజాస్వామ్యం బలప్రయోగం మీద కాక చర్చ మీద, ఒప్పించడం మీద నడుస్తుంది కాబట్టి, స్పష్టంగా ఆలోచించడం, మాట్లాడడం, రాయడం బడిలోనే నేర్పాలన్నది. 1958 ఫిబ్రవరి 22న మౌలానా గారు కాలం చేశారు. నివేదిక బీరువాల్లో మిగిలింది.

మా బడుల్లో పోటీ అంటే టీచరు రాసిచ్చిన తక్రీర్ బట్టీపట్టి అప్పజెప్పడమే. నడుమ ఒక్క ముక్క మరిచిపోతే పిల్ల ఏడుస్తూ దిగిపోతుంది. దీన్ని నేను వక్తృత్వం అనను. శనివారం చివరి పీరియడ్ చాలు. ఒక విషయమిచ్చి, ఎవరు ఏ పక్షమో చీటీ తీయించి, అరగంట ఆలోచించుకోనిచ్చి మాట్లాడనివ్వాలి. ఉర్దూలో కానీండి, తెలుగులో కానీండి, రెండూ కలిపి కానీండి. ఎదుటివాడు చెప్పింది విని జవాబివ్వాలి, అంతే. మైకు కూడా అక్కర్లేదు.

డబ్బు అవసరమయ్యేది జిల్లా పోటీలకు పోయేటప్పుడు. ప్రైవేటు బడుల పిల్లలు వ్యానుల్లో దిగుతారు. మన సర్కారు బడి పిల్లలకు బస్సు ఛార్జీలు ఎవరిస్తారు? ఆడపిల్లలైతే తోడు ఎవరూ లేక ఇంట్లోవాళ్ళు పంపరు, అదీ న్యాయమే. సొసైటీవారు ఏటా ఇచ్చే నోటు పుస్తకాల ఖాతాలోనే పిల్లల ప్రయాణానికీ, వెంట వెళ్ళే ఒక అమ్మగారి ఛార్జీకీ కొంత పక్కన పెడితే, ఈ సంవత్సరం నవంబరుకే మొదలుపెట్టవచ్చు.