చేతికి తగ్గ పని: హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)

తల్లిదండ్రులు కొడుకుని చూసి వీడు దేనికీ పనికిరాడని నిట్టూర్చడం మనం తరచూ వింటుంటాం. పాఠాలు చెప్పే మేమూ ఆ మాట అన్న రోజులున్నాయి. ఒక పనిలో వెనకబడిన పిల్లవాణ్ణి అన్నింటిలోనూ వెనకబడినవాడిగా లెక్కగట్టడం మనకు అలవాటైపోయింది. ఈ అలవాటు ఎంత తప్పో తెలియాలంటే దైవప్రవక్త (స) సహచరులు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) జీవితాన్ని చూడాలి.

జైద్ (రజి) మదీనావాసి. ఖజ్రజ్ తెగలోని బనూ నజ్జార్ వంశీయులు. ఔస్, ఖజ్రజ్ తెగల మధ్య జరిగిన బుఆస్ పోరులో తండ్రి సాబిత్ మరణించేనాటికి ఆయన వయసు ఆరేళ్లు. క్రీ.శ. 622లో దైవప్రవక్త (స) మక్కా నుంచి హిజ్రత్ చేసి మదీనాకు వచ్చేసరికి ఆ అనాథ బాలునికి పదకొండేళ్లు. బంధువులు ఆయన్ని ప్రవక్త (స) సన్నిధికి తీసుకెళ్లి, ఈ బాలునికి పదికి పైగా సూరాలు కంఠస్థమని విన్నవించారు. ఆ పారాయణం విని ప్రవక్త (స) ఎంతో సంతోషించారు.

హిజ్రీ 2 (క్రీ.శ. 624)లో బద్ర్ యుద్ధం వచ్చింది. పదమూడేళ్ల జైద్ (రజి) కూడా బయలుదేరబోయారు. కానీ వయసు చాలదని ప్రవక్త (స) ఆయన్ని వెనక్కి పంపేశారు. తోటివారు కత్తి పట్టి వెళుతుంటే ఇంటిముఖం పట్టిన ఆ పసి మనసు ఎంత చిన్నబోయి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అయితే ఏ యుద్ధానికి ఆయన్ని వద్దన్నారో, ఆ యుద్ధమే ఆయనకు దారి చూపింది. బద్ర్‌లో పట్టుబడిన మక్కా ఖైదీలలో చదువు వచ్చి, పరిహారం చెల్లించలేనివారికి ప్రవక్త (స) ఒక వెసులుబాటు కల్పించారు. ఒక్కొక్కరు మదీనా పిల్లలు పదిమందికి రాత నేర్పితే విడుదల. అలా నేర్చుకున్నవారిలో జైద్ (రజి) కూడా ఉన్నారని చరిత్రకారులు పేర్కొన్నారు.

ఆ రోజుల్లో యూదులకు ఉత్తరాలు రాయాలన్నా, వారి నుంచి వచ్చినవి చదవాలన్నా ఇతరుల మీద ఆధారపడవలసి వచ్చేది. వారి లిపి నేర్చుకోమని ప్రవక్త (స) జైద్ (రజి)ను ఆదేశించారు. పదిహేను రోజుల్లోనే ఆయనకు అది పట్టుబడింది. ఇక ఉత్తరాలన్నీ ఆయన చేతి మీదుగానే సాగాయి. దైవవాణి అవతరించినప్పుడు దాన్ని రాసే భాగ్యం కూడా దక్కింది. హిజ్రీ 9 (క్రీ.శ. 630)లో తబూక్ ప్రయాణంలో బనూ నజ్జార్ పతాకం కూడా ఆయన చేతికే వచ్చింది. ఖుర్ఆన్ ఎక్కువ నేర్చినందుకు లభించిన గౌరవమది. బద్ర్ నాడు దక్కనిది కలం ద్వారా దక్కింది!

దైవప్రవక్త (స) పరమపదించాక యమామా యుద్ధంలో ఎందరో హాఫిజ్‌లు అమరులయ్యారు. ఖుర్ఆన్‌ను ఒకచోట గ్రంథంగా చేర్చకపోతే ప్రమాదమని హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి)కు సూచించారు. వయసులో, హోదాలో పెద్దలైన సహచరులు ఎందరో ఉన్నా, ఆ పనికి ఖలీఫా ఎంచుకున్నది ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల జైద్ (రజి)ని. అందుకు ఆయన చూసినవి నాలుగు: యువకుడు, తెలివైనవాడు, ఎవరూ వేలెత్తి చూపలేని నిజాయితీపరుడు, ప్రవక్త (స) సమక్షంలో వహీ రాసిన అనుభవం ఉన్నవాడు.

జైద్ (రజి) మొదట వణికిపోయారు. ఒక కొండను కదిలించమన్నా ఇంతకన్నా తేలికేనని భావించారు. చివరికి ఒప్పుకున్నారు. తానే హాఫిజ్ అయినా తన జ్ఞాపకాన్నే నమ్ముకోలేదు. ఖర్జూరపు మట్టల మీద, పలుచని రాళ్ల మీద, తోళ్ల మీద, ఎముకల మీద ఉన్న రాతలన్నీ సేకరించారు. కంఠస్థం చేసినవారిని విచారించి, సరిపోల్చి రాశారు. తర్వాత హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో ప్రతులు తయారుచేయించి వివిధ ప్రాంతాలకు పంపినప్పుడు కూడా ఆ బృందంలో జైద్ (రజి) ముఖ్యులు.

వారసత్వ వాటాల లెక్క, అంటే ఫరాయిజ్ శాస్త్రంలోనూ ఆయనది పెద్ద పేరు. హజ్రత్ ఉమర్ (రజి) ఎందరినో ఇతర ప్రాంతాలకు పంపినా, ఆయన్ని మాత్రం మదీనాలోనే ఉంచుకున్నారు. తీర్పులకు, ధర్మసందేహాలకు అక్కడి ప్రజలకు ఆయన అవసరం ఉందని భావించారు. హిజ్రీ 45 (క్రీ.శ. 665) ప్రాంతంలో జైద్ (రజి) కన్నుమూశారు.

దైవప్రవక్త (స) అందరినీ ఒకే గజంతో కొలవలేదు. బిలాల్ (రజి) కంఠానికి అజాన్ అప్పగించారు. హస్సాన్ (రజి) కవిత్వానికి మస్జిదులో మింబర్ వేయించారు. భక్తిలో ఎంతో ఎత్తున ఉన్న అబూజర్ (రజి)ను మాత్రం అధికార పదవికి దూరంగా ఉండమన్నారు. అది అబూజర్ (రజి)ను తక్కువ చేయడం కాదు. ఆయన మీద ప్రేమతో చెప్పిన హితవు.

మరి మనమేం చేస్తున్నాం? లెక్కల్లో దిట్ట అయిన పిల్లవాణ్ణి తండ్రి దుకాణంలో కూర్చోబెడుతున్నాం. చేతిలో పనితనం ఉన్నవాణ్ణి మార్కులు రాలేదని నలుగురిలో కించపరుస్తున్నాం. చురుకైన ఆడపిల్ల చదువును సగంలో ఆపేస్తున్నాం. పిల్లల ప్రతిభ అల్లాహ్ మనకప్పగించిన అమానత్. దాన్ని గుర్తించకుండా వృథా చేస్తే రేపు జవాబు చెప్పుకోవలసింది పిల్లలు కాదు, పెద్దలమైన మనమే. ఈ రోజు జుమా నమాజు నుంచి ఇంటికి వెళ్లాక మన పిల్లవాడికి ఏం రాదో అడగడం మాని, ఏం వచ్చో చూద్దాం. అందుకు తగిన దృష్టిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.