హరిశ్చంద్ర నాటక కర్త బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు

మా తాతగారికి చదువు రాదు. మలయాలో రబ్బరు తోట కూలీగా బ్రతికారు. అయినా సాయంత్రం ఇంటి ముందు కూర్చుని హరిశ్చంద్ర పద్యాలు పాడేవారు. అవి ఎవరు వ్రాశారో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు.

2009లో తాతగారి ఊరు చూడడానికి విజయనగరం జిల్లాకు వెళ్ళాము. అమ్మవారి పండుగ జరుగుతున్నది. కోతలైన పొలంలో వేదిక కట్టారు. రాత్రి పది దాటాక హార్మోనియం మ్రోగింది. మంచులో చాపల మీద కూర్చుని తెల్లవారే వరకు సత్య హరిశ్చంద్ర చూశాము. హరిశ్చంద్ర పాత్రను ఇద్దరు నటులు పంచుకున్నారు. పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అని కేకలు వేస్తారు, నటుడు మళ్ళీ పాడవలసినదే. కాటి సీను వచ్చేసరికి నిద్రపోయిన పిల్లలను కూడా తల్లులు లేపారు. తాతగారి నోట విన్న పద్యం అక్కడ వినబడగానే మాకు కన్నీరు ఆగలేదు.

ఆ నాటకం వ్రాసిన బలిజేపల్లి వారు 1881లో గుంటూరు జిల్లా బాపట్ల తాలూకా ఇటికంపాడులో జన్మించారు. గుంటూరు హిందూ హైస్కూలులో తెలుగు ఉపాధ్యాయులుగా పనిచేశారు. మాలాగే బడిపంతులు అని తెలిసి ఎంతో సంతోషించాము. అవధానాలు కూడా చేసిన కవి. అయినా ఆయన పేరు నిలిపినది ఈ నాటకమే.

భార్యాబిడ్డలను అమ్ముకొని, తాను కాటికాపరియైనా మాట తప్పని రాజు కథ అది. రాజు వెంటబడి బాకీ కోసం పీడించే విశ్వామిత్రుని శిష్యుడు నక్షత్రకుడు. జనం తిట్టుకొనే ఆ వేషాన్ని నాటక కర్త తామే ధరించి పేరు పొందారు.

తరువాత సినిమాలకూ వ్రాశారు. 1939లో మళ్ళీపెళ్ళి, 1940లో భూకైలాస్ చిత్రాలకు మాటలూ పాటలూ ఆయనవే. 1953లో శ్రీకాళహస్తిలో కన్నుమూశారు.

ఇంకొక విషయం చెప్పాలి. కాటి సీనులో నటులు పాడే పద్యాలలో కొన్ని బలిజేపల్లి వారివి కావు, గుర్రం జాషువా గారి శ్మశానవాటిలోనివి. అంటరానితనం అనుభవించిన కవి ఆయన. రాజూ పేదా ఒకే మట్టిలో కలిసే చోట ఆయన పద్యాలు ఇమిడిపోయాయి. జనం వేరుచేసి చూడలేదు, ఇద్దరినీ ఒకే నాటకంగా విన్నారు.

అరవై ఏళ్ళ వయసులో రాత్రిబడిలో అక్షరాలు దిద్ది, ఇప్పుడు ఆ నాటకాన్ని వేలు పెట్టి చదువుతున్నాము. తాతగారికి అక్షరం లేదు, పద్యం ఉన్నది. మాకు అక్షరం వచ్చింది, రాగం రాలేదు. మన పెద్దలలో ఒక్క పద్యమైనా జ్ఞాపకం ఉన్నవారు దయచేసి మా రాత్రిబడికి వచ్చి పాడి వినిపించండి. పుస్తకం మా దగ్గర ఉన్నది. గొంతు మీ దగ్గరే ఉన్నది.