తవ్విన మట్టికి సరియైన లెక్క చెప్పిన మహావీరాచార్యులు

కలబురగి జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు చేరువలో మళఖేడ్ అనే ఊరున్నది. ఒకనాటి రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం ఇదే. క్రీ.శ. 814 మొదలు సుమారు 878 వరకు పాలించిన అమోఘవర్ష నృపతుంగుని కాలంలో కన్నడ భాషకు కవిరాజమార్గం లభించగా, గణితశాస్త్రానికి సుమారు 850లో గణితసారసంగ్రహం లభించింది. ఈ రెండవ గ్రంథాన్ని సంస్కృత శ్లోకాలలో రచించినవారు జైన పండితులైన మహావీరాచార్యులు.

అంతకు పూర్వం గణితం ఎక్కువగా జ్యోతిష గ్రంథాలలో అధ్యాయంగా ఒదిగి ఉండేది. ఆచార్యులవారు గణితానికే ఒక గ్రంథాన్ని అంకితం చేశారు. వంటకు, వైద్యానికి, సంగీతానికి, వాస్తువుకు గణితమే ఆధారమని ఆరంభంలోనే చాటారు. తన ప్రభువైన నృపతుంగుని అక్కడే కొనియాడారు.

గ్రంథంలోని 9 ప్రకరణాలలో ఎనిమిదవది ఖాతవ్యవహారం. ఖాతమనగా తవ్విన గొయ్యి. గోడలు నిట్టనిలువుగా ఉన్న గొయ్యి నేటి పాఠ్యపుస్తకాలలోని పట్టకమే. దాని నేల వైశాల్యాన్ని లోతుతో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. కాని చెరువులు, కోనేరులు పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా ఉంటాయి. చిక్కు అక్కడే ఉన్నది.

పైన భుజం 10 మూరలు, అడుగున 4 మూరలు, లోతు 6 మూరలు గల చదరపు గుంటను తీసుకుందాం. భుజాల సగటు 7. దాని వర్గాన్ని లోతుతో గుణిస్తే 294 ఘనమూరలు. ఇది కర్మాంతికఫలం. పై, అడుగు వైశాల్యాల సగటు 58. దానిని లోతుతో గుణిస్తే 348. ఇది ఔండ్రఫలం. మొదటిది తక్కువ, రెండవది ఎక్కువ. రెండింటి భేదమైన 54లో మూడవ వంతు 18ని మొదటి ఫలానికి కలిపితే 312. ఇదే సూక్ష్మఫలం, అనగా కచ్చితమైన ఘనపరిమాణం. ఈ మార్గాన్ని 628లోనే బ్రహ్మగుప్తుడు చూపగా, ఆచార్యులవారు తమ గ్రంథంలో దానికి చోటిచ్చారు.

మట్టిని కొలిచి కూలి కట్టే చోట 294కు, 312కు గల తేడా చిన్నది కాదు. మొదటి లెక్కతో సరిపెడితే 18 ఘనమూరల శ్రమ ఉత్తదైపోతుంది.

ఆచార్యులవారు పొరపడిన చోటు కూడా లేకపోలేదు. సంఖ్యను సున్నతో భాగిస్తే మారదన్నారు. అయితే ఋణసంఖ్యకు వర్గమూలం లేదని ఆనాడే గుర్తించారు.

తరువాతి శతాబ్దాలలో పావులూరి మల్లన ఈ గ్రంథాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చారు. 1912లో మద్రాసులో రంగాచార్యుల ఆంగ్లానువాదంతో అచ్చయింది. కన్నడసీమలో పుట్టిన లెక్క తెలుగు బడులకు ఆనాడే చేరింది. సరిహద్దు గీత మనుషులు గీసుకున్నది. గుంట లోతుకు ఆ గీతతో పనిలేదు.