కాంతిలో విద్యుత్తును దర్శించిన ఎడ్మండ్ బెకరెల్

ఇంటి కప్పుపై అమర్చిన సౌర పలకలు ఎండను విద్యుత్తుగా మార్చడం నేడు పల్లెలలో సైతం కనిపించే దృశ్యం. ఈ విద్యకు మూలమైన సత్యాన్ని తొలిసారిగా గుర్తించినవాడు పందొమ్మిదేళ్ల ఫ్రెంచి యువకుడని చాలామంది ఎరుగరు. ఆయనే ఎడ్మండ్ బెకరెల్.

1820 మార్చి 24న పారిస్ నగరంలో జన్మించిన ఎడ్మండ్‌కు తండ్రియే గురువు. తండ్రి ఆంత్వాన్ సెజార్ బెకరెల్ విద్యుత్ శాస్త్రంలో ప్రసిద్ధుడు. పేరొందిన ఉన్నత విద్యాలయాలలో ప్రవేశం లభించినా కాదని, కుమారుడు ప్రకృతి చరిత్ర మ్యూజియంలో తండ్రికి సహాయకుడిగా చేరాడు. ఆ నిర్ణయం వృథా కాలేదు.

1839లో ఆయన ఆమ్ల ద్రావణంలో రెండు ప్లాటినం పలకలను ఉంచి, కాంతికి స్పందించే సిల్వర్ క్లోరైడ్ వంటి పదార్థాన్ని వాటికి పూసి, ఒకదానిపై మాత్రమే వెలుతురు ప్రసరింపజేశాడు. పలకలను కలిపిన తీగెలో విద్యుత్తు ప్రవహించింది. కాంతి రంగును బట్టి ఫలితం మారుతున్నదని కూడా గమనించాడు. అయితే కారణం చెప్పడానికి ఆనాటి శాస్త్రం చాలలేదు. ఎలక్ట్రాన్ ఉనికి తెలిసింది 1897లో. కాంతి శక్తిపొట్లాలుగా ప్రవర్తిస్తుందని ఐన్‌స్టీన్ ప్రతిపాదించినది 1905లో.

నేటి సిలికాన్ ఘటాన్నే చూడండి. దానిపై పడి ప్రతిఫలించిన కాంతి విద్యుత్తు నీయదు. పలక శోషించుకొన్నదే అక్కరకు వస్తుంది. శోషణ పొందిన ఒక్కొక్క కాంతికణం సాధారణంగా ఒక్కొక్క ఎలక్ట్రాన్‌ను బంధవిముక్తం చేస్తుంది. అందుకు కాంతికణానికి సుమారు 1.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అవసరం. అంతకు తక్కువైనది పలకను దాటిపోతుంది. ఎక్కువైతే మిగులు వేడిగా వ్యర్థమవుతుంది. విముక్తమైన ఎలక్ట్రాన్లను ఘటంలోని సంధి వద్ద గల విద్యుత్ క్షేత్రం ఒక వైపునకు నెట్టగా ప్రవాహం ఏర్పడుతుంది. కనుకనే ఎండ రెట్టింపైతే ప్రవాహం దాదాపు రెట్టింపవుతుంది. వోల్టేజి మాత్రం స్వల్పంగానే పెరుగుతుంది.

బెకరెల్ అంతటితో ఆగలేదు. 1848లో సౌర వర్ణపటాన్ని రంగులతో ఛాయాచిత్రంగా పట్టాడు. కాంతి ఆరిన పిదప క్షణకాలం మెరిసే పదార్థాలను పరీక్షించేందుకు ఫాస్ఫరోస్కోప్ అనే పరికరాన్ని నిర్మించాడు. 1878లో తండ్రి గతించగా మ్యూజియంలో ఆయన ఆచార్య పీఠాన్ని అధిష్ఠించి, 1891 మే 11న కన్నుమూశాడు. మెరిసే పదార్థాలపై తండ్రి సాగించిన కృషినే కొనసాగించిన కుమారుడు హెన్రీ 1896లో రేడియోధార్మికతను కనుగొని, 1903లో నోబెల్ బహుమతి పంచుకొన్నాడు.

సుమారు 6 శాతం సామర్థ్యం గల సిలికాన్ సౌర ఘటం అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో వెలువడినది 1954లో. అప్పటికి ఎడ్మండ్ ప్రయోగానికి 115 ఏళ్లు. తాను నాటిన విత్తు ఫలించడం ఆయన చూడలేదు. ప్రయోజనం వెంటనే కానరాని ప్రశ్నను కూడా ఓపికతో పరిశీలించవలెనని మన విద్యార్థులకు ఆ జీవితం బోధిస్తున్నది.