విలియం కింగ్ (భూగర్భ శాస్త్రవేత్త)

విలియం కింగ్ (మరణం: 1900) భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో 1857 నుండి 1894 వరకు పనిచేసిన బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త. 1887 నుండి 1894 వరకు ఆ సంస్థకు అధిపతి. తెలుగునాట ఈయన పేరు సింగరేణి బొగ్గు మూలంగా ఎక్కువగా తెలుసు. కానీ అంతకు ముందే కడప, కర్నూలు జిల్లాల కొండలను పరిశీలించి, అక్కడి శిలలను వరుసక్రమంలో విభజించి పేర్లు పెట్టినవాడు ఈయనే. వంటింటి గట్టు మీద పరిచే "కడప రాయి" ఏ కాలపు శిల, అది పలుచని బండలుగా ఎందుకు లేస్తుంది అనే ప్రశ్నలకు సమాధానం ఈయన వర్గీకరణతోనే మొదలవుతుంది.

కుటుంబం

తండ్రి పేరు కూడా విలియం కింగ్. ఆయన 1849 నుండి ఐర్లండులోని గాల్వే నగరపు క్వీన్స్ కళాశాలలో భూగర్భ శాస్త్ర ఆచార్యుడు. నియాండర్తల్ మానవుని వేరొక జాతిగా గుర్తించి "హోమో నియాండర్తలెన్సిస్" అని పేరు పెట్టినది తండ్రే. పేర్లు ఒకటే కావడం వలన ఇద్దరి కృషిని కలిపివేయడం పొరపాటు.

దక్షిణ భారతంలో

సర్వేక్షణ సంస్థలో చేరిన తరువాత కింగ్ మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేశాడు. సహోద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1863 మే నెలలో మద్రాసు సమీపంలోని పల్లవరం వద్ద పాతరాతియుగపు పనిముట్టును కనుగొన్నాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో ఫూట్, కింగ్ కలిసి అత్తిరంపాక్కం వద్ద మరిన్ని రాతి పనిముట్లను కనుగొన్నారు.

కడప, కర్నూలు శిలలు

కింగ్ ప్రధాన గ్రంథం కడప, కర్నూలు శిలా సముదాయాలపై 1872లో సర్వేక్షణ సంస్థ మెమాయిర్ల ఎనిమిదవ సంపుటిలో వెలువడింది. ఇందులో వివరించిన ప్రాంతం నేడు కడప బేసిన్‌గా ప్రసిద్ధం. విస్తీర్ణం దాదాపు 44 వేల చదరపు కిలోమీటర్లు.

ఇక్కడి శిలలన్నీ ఒకే కాలానివి కావని కింగ్ నిరూపించాడు. అడుగున ఉన్న శిలలు పలుచోట్ల వాలుగా, తూర్పున మడతలుపడి ఉన్నాయి. వాటి అంచులు కోతకు గురైన తరువాత, ఆ కోసుకుపోయిన తలం మీద మరొక సముదాయం దాదాపు చదునుగా పరచుకొంది. పాత రాళ్ళ గులకలు కొత్త సముదాయపు అడుగు పొరలలో కనబడతాయి. బనగానపల్లె వద్ద వజ్రాలు దొరికేది ఈ గులకరాతి పొరలలోనే. పాతవాటికి కడప శిలలని, వాటిపై ఉన్నవాటికి కర్నూలు శిలలని కింగ్ పేర్లు పెట్టాడు. ఆ కాలంలో రాతి వయస్సును సంవత్సరాలలో కొలిచే సాధనం లేదు. ఏ పొర దేనిమీద ఉన్నదో చూసి చెప్పడమే ఆధారం. పులివెందుల ప్రాంతంలో కడప శిలలలోకి చొచ్చుకువచ్చిన అగ్నిశిలల వయస్సు దాదాపు 189 కోట్ల సంవత్సరాలని తరువాతి పరీక్షలలో తేలింది.

ఉపవిభాగాలకు ఈయన స్థానిక నదుల, ఊళ్ళ, కొండల పేర్లే వాడాడు: పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణా, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు మొదలైనవి. రాజంపేట పక్కగా ప్రవహించే చెయ్యేరు పేరు ఒక వర్గానికి వచ్చింది. రాజంపేటకు దక్షిణాన ఉన్న పుల్లంపేట పేరు అక్కడి పలకరాళ్ళకు నిలిచింది.

కడప రాయి

కడప రాయి అనే పేరుతో దేశమంతటా అమ్ముడయ్యే నల్లని, నీలి బూడిద రంగు బండలు ప్రధానంగా నర్జి సున్నపురాయి. కింగ్ వర్గీకరణ ప్రకారం ఇది జమ్మలమడుగు వర్గానికి, అనగా కర్నూలు శిలలకు చెందినది. ఎర్రగుంట్ల, కమలాపురం ప్రాంతాల గనులు కడప జిల్లాలో ఉండడం వలన వ్యాపారంలో కడప పేరు స్థిరపడింది. శాస్త్రరీత్యా కడప రాయి కడప శిల కాదన్నమాట. బేతంచెర్ల బండలకూ ఇదే సున్నపురాయి ఆధారం.

సముద్రపు అడుగున సున్నపు బురద పొరపొరలుగా పేరుకొని గట్టిపడినందున ఈ రాయి పొరల వెంబడి సమంగా విడిపోతుంది. గనిలో పొరల మధ్య ఉలి దిగగొట్టి, గునపంతో ఎత్తితే వెడల్పైన బండ లేస్తుంది. బండ మందాన్ని చాలావరకు ప్రకృతే నిర్ణయించిందని చెప్పవచ్చు. ఆ తరువాత రంపపు బిళ్ళతో అంచులు కోసి, నీరు పోస్తూ గరుకు రాయి నుండి నున్నని రాయి వరకు వరుసగా మార్చి యంత్రంపై అరగదీస్తారు. అదే పాలిష్ బండ.

చెక్కను చిత్రిక పట్టి పలుచన చేసే యంత్రం ఈ రాతికి పనికిరాదు. దాని ఉక్కు కత్తులు నారను చెక్కడానికి ఉద్దేశించినవి. రాయి తగిలితే మొద్దుబారతాయి, రాయీ పెచ్చులూడుతుంది. వంటింటి గట్టుకు పోటీగా వచ్చిన కృత్రిమ పలకల విషయం వేరు. 1967లో డ్యూపాంట్ సంస్థలో రూపొందిన కోరియన్ వంటివి అక్రిలిక్ జిగురులో అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొడి కలిపి పోసినవి. వాటిని గట్టి కార్బైడు కత్తులు బిగించిన వడ్రంగి యంత్రాలతో కోయవచ్చు, గరుకు కాగితపు యంత్రంతో నున్నగా చేయవచ్చు. వాటిలో విడిపోయే పొరలు లేవు.

రాజంపేట వైపు శిలలు ఈ పనికి అంతగా ఒదగవు. పుల్లంపేట పలకరాయి సులభంగా విడిపోయినా పెళుసు. కొండలపై ఉన్న నగరి క్వార్ట్‌జైట్ ఎంతో గట్టిదైనా సమంగా విడిపోదు. నర్జి రాయి విడిపోతుంది, బరువు మోస్తుంది, నునుపెక్కుతుంది. లోపం ఒకటుంది: సున్నపురాయి కావడం వలన నిమ్మరసం, చింతపండు పులుసు పడి నిలిచినచోట మెరుగు పోతుంది.

సింగరేణి బొగ్గు

1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉన్నట్లు కింగ్ గుర్తించాడు. భద్రాచల యాత్రికులు పొయ్యికి పెట్టిన రాళ్ళు అంటుకోవడంతో ఈ సంగతి బయటపడిందనే కథ కూడా వాడుకలో ఉంది. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ గనుల హక్కులు పొందింది. 1889లో తవ్వకం మొదలయింది. అక్కడి ఒక బొగ్గు పొరకు కింగ్ సీమ్ అని ఈయన పేరే పెట్టారు.

తరువాతి జీవితం

నెల్లూరు ప్రాంతంపై 1880లోను, ప్రాణహిత-గోదావరి లోయపై 1881లోను కింగ్ గ్రంథాలు వెలువడ్డాయి. వైనాడు బంగారు క్షేత్రాలపైన, మంగపేట వద్ద శిలువ ఆకారపు పురాతన సమాధి రాళ్ళపైన కూడా వ్రాశాడు. హెచ్.బి. మెడ్లికాట్ తరువాత 1887లో సంస్థ అధిపతి అయ్యాడు. 1894లో పదవీ విరమణ చేయగా, ఆ స్థానంలో సి.ఎల్. గ్రీస్‌బాక్ నియమితుడయ్యాడు. కింగ్ 1900లో మరణించాడు.

వర్గీకరణలో మార్పులు

1987లో నాగరాజారావు, సహచరులు కడప శిలల వర్గీకరణను సవరించారు. చెయ్యేరు వర్గం స్థానంలో చిత్రావతి వర్గం వచ్చింది. పుల్లంపేట, నగరి శిలలను నల్లమల వర్గంలో చేర్చారు. పాపాఘ్ని, నల్లమల పేర్లు మాత్రం కింగ్ పెట్టినట్లే కొనసాగుతున్నాయి.